ఊరు పైకి లేచిన రోజు

బండకిందపల్లికి ఆ పేరు ఊరికే రాలేదు. గోరంట్ల దాటి కదిరి దిక్కుగా పోతూ తారు రోడ్డు దిగి, వేరుశనగ చేన్ల నడుమ మట్టిదారి పట్టామంటే ముందు కనిపించేది ఊరు కాదు, బండప్ప. గుట్ట నడుము మీద ఆర్టీసీ బస్సును నిట్టనిలువుగా నిలబెట్టినట్టుండే గుండు అది. ఏటా కార్తీకంలో పరసకు, అంటే బండప్ప జాతరకు ముందు ఊరివాళ్లు నిచ్చెనలేసి దానికి సున్నం కొడతారు, ఎర్రమన్నుతో పట్టెలు తీస్తారు. ఆ గుట్ట మీద చెట్టన్నది లేదు. మిట్టమధ్యాహ్నం మనిషి తల దాచుకునేంత నీడ ఇచ్చేది బండప్ప ఒక్కడే. అందుకే పరస రోజున ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో ఆ నీడలోకే ఎక్కుతుంది. అక్కడే పొయ్యి, అక్కడే పొంగలి, అక్కడే తిండి, తిన్నాక అక్కడే కునుకు.

బండప్పకు ఇంకో పని కూడా ఉంది. నడుములు బాగుచేయడం. చేనులో వంగి వంగి నడుము పట్టేసినవాళ్లు ఒక పుల్ల తెచ్చి, ముందుకు వాలిన గుండుకూ నేలకూ మధ్య బిగించి నిలబెట్టి పోతారు. ఇక ఆ నొప్పి స్వామిది. పుల్ల వంగితే నొప్పి తగ్గుతున్నట్టు, విరిగితే పూర్తిగా పోయినట్టు. ఏళ్ల తరబడి ఎవరి పుల్లా విరిగింది లేదు. ఎండి, దుమ్ముపట్టి, చెదలుపట్టి అట్లాగే నిలబడి ఉండేవి. ఈ ఏడు మాత్రం వానలు పడ్డప్పటి నుంచి పటపటా విరుగుతున్నాయి. స్వామికి దయ కలిగిందని ఊరు సంబరపడింది. పక్క ఊళ్లవాళ్లు కూడా పుల్లలు పట్టుకుని ఆటోలెక్కి వచ్చారు. ఈసారి పరసకు జనం తొక్కుకుని చస్తారని పూజారి కొండప్ప మీసం మెలేస్తూ తిరిగాడు.

ఈసారి తొలి కుండ ఆంజినమ్మ వంతు. తొలి కుండ పొంగేదాకా ఇంకెవరూ పొయ్యి ముట్టించకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు, దాన్ని దాటినవాడు లేడు.

ఆంజినమ్మ కలుపు తీసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. నోరు ఇంకా పెద్దది. ఒకసారి కరువు చూడ్డానికి వచ్చిన ఆఫీసరు జీపు దిగకుండానే "చూసినాంలే" అని వెనక్కి తిప్పబోతే, జీపు ముందూ వెనకా గొర్రెలను పడుకోబెట్టి ఆయన్ను చేనులోకి నడిపించిన మనిషి. దూరం నుంచి చూసి లెక్క చెప్పేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. అందుకే వేసవిలో ఒక పిల్ల మూడుకాళ్ల పీట మీద ఏదో డబ్బా పెట్టి వాన నీళ్లు పారే వంక గట్టున నిలబడిందని తెలియగానే, కడిగేద్దామనే పోయింది.

ఆ పిల్ల పేరు ప్రసూన. గార్లదిన్నె దగ్గర రైతు కుటుంబం. వంకలు కోసుకుపోకుండా రాతికట్టలు కట్టించే చిన్న సంస్థలో ఇంజనీరు. డబ్బా చూస్తే చేనుకు అన్నం మోసే సద్దిడబ్బా అంతే ఉంది. ముందు వైపు నల్లటి అద్దం ఒక్కటి, అంతే.

"ఇది గూడా తిరుగుతాదా పాపా?" అంది ఆంజినమ్మ. "ముందటేడు ఎవురో తెచ్చినారు, బొంగరం మాదిరి గిర్రున తిరిగే మిషను. మా ఎర్రదుమ్ము ఒక్క గాలి కొట్టేసరికి లోపల కీచుకీచుమని ఆడికే నిలబడిపాయ. దుప్పటి కప్పి ఎత్తుకపోయినారు."

"ఇది తిరగదత్తా. దీంట్లో తిరిగేది ఏమీ లేదు. మోటారు లేదు, అద్దం తిప్పేది లేదు. దుమ్ము దూరనీకి సందు గూడా లేదు."

"తిరగకుండా ఇంత గుట్టను ఎట్లా చూస్తాది? గుడ్లగూబ గూడా మెడ తిప్పాల్సిందే గదా!"

ప్రసూన నవ్వింది. చిరాకు పడలేదు, తప్పించుకోలేదు. నేల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఈ డబ్బా లేజర్ వెలుగును విసురుతుంది. వెలుగు పోయి రాయికో గోడకో తగిలి తిరిగొస్తుంది. తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి ఆ రాయి ఎంత దూరంలో ఉందో చెబుతుంది. అట్లా ఒక్కో చుక్కా పెట్టుకుంటూ గుట్టనూ వంకనూ ఊరినీ లక్షల చుక్కలుగా గీస్తుంది. బొమ్మను ఏ పక్క నుంచి కావాలంటే ఆ పక్క నుంచి చూడొచ్చు. దీన్ని లైడార్ అంటారు. పాత మిషన్లలో వెలుగును పక్కకు తిప్పాలంటే అద్దం తిరగాలి. ఇందులో ఒక చిన్న చిప్పు ఉంది. అది వెలుగును వెంట్రుకల్లాంటి దారులుగా చీల్చి వరసగా బయటికి వదులుతుంది. వరసలో ఒక కొసనున్న దారులను రవ్వంత ఆలస్యం చేస్తే చాలు, వెలుగు మొత్తం ఆ పక్కకు వంగుతుంది. తిప్పిందెవరూ లేరు.

ఆంజినమ్మ చేతివేళ్లు వరసగా చాచి, ఒక కొసవేళ్లను వెనక్కి లాగి చూసుకుంది.

"అంటే మా కలుపు సాలు," అంది చివరికి. "ఆడోళ్లం వరసగా కూసోని చేనులో కలుపు తీసుకుంటా పోతాం గదా. ఆ కొసనున్నోళ్లు జరంత నిదానం చేసినారనుకో, వరసంతా ఆ పక్కకి తిరుగుతాది. ఎవురూ ఎవురి మెడా పట్టి తిప్పాల్సిన పనిల్యా."

"అదే అత్తా! అచ్చం అదే!"

ఆంజినమ్మ డబ్బా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చింది. ముప్పై ఏళ్లుగా తను నడిపించిన వరస, గోరంత చిప్పులో, వెలుగుతో. ఎవడు కనిపెట్టాడో గానీ వాడు ఎక్కడో ఒక చోట మనుషులు కలిసి పనిచేయడాన్ని చూసే ఉంటాడు అనుకుంది. ఇంతలో సుడిగాలి లేచి ఎర్రటి దుమ్ము అందరి కళ్లల్లో కొట్టింది. ప్రసూన కొంగుతో డబ్బా అద్దం తుడిచింది. అంతే, డబ్బా తన పని తాను చేసుకుపోతూనే ఉంది. తెర మీద చుక్కలు పడ్డాయి. చుక్కల్లో గుట్ట లేచింది, వంక దిగింది, ఇళ్లు నిలబడ్డాయి. తన ఇంటి ముందు తాడు మీద ఆరేసిన చీర కూడా కనిపించేసరికి ఆంజినమ్మ "ఓయమ్మ!" అంది.

అప్పుడడిగింది ప్రసూన. "అత్తా, వానలు పోయినాక మళ్లా వచ్చి ఇంకో బొమ్మ తీస్తా. రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెడితే వంక ఎంత మట్టిని తినిందో తేలుతాది. రెండు బొమ్మలూ సరిగ్గా కూసోవాలంటే మేకు మాదిరి ఒకటి కావల్ల. మీ ఊర్లో ఎప్పటికీ కదలనిది ఏది?"

డబ్బా చూడ్డానికి మూగినవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆటో నడిపే తిప్పేష్, పూజారి కొండప్ప, ఆంజినమ్మ, ముగ్గురి చేతులూ ఒక్క దిక్కుకే లేచాయి.

"అదేం ప్రశ్న పాపా," అన్నాడు కొండప్ప. "బండప్ప కదిలితే నా మాట కదుల్తాది అని ఒట్టు పెట్టుకునే ఊరు మాది. కోర్టులో గూడా ఆ మాటే చెప్తాం."

ప్రసూన కూడా తెల్లటి గుండును చూసి సంతోషపడింది. సున్నం మీద పడిన వెలుగు గట్టిగా తిరిగొస్తుంది, అంచులు స్పష్టంగా ఉన్నాయి. మేకు దొరికింది.

ఈ ఏడు వానలు లేక లేక వచ్చాయి, వచ్చి ఒక్కసారిగా కుమ్మరించాయి. మా ప్రాంతపు వాన అంతే. నెలల తరబడి ముఖం చాటేసి, చివరికి నేలను కోసుకుపోవడానికే వచ్చినట్టు వస్తుంది. పరస ఇంకా నాలుగు రోజులుందనగా ప్రసూన మళ్లీ వచ్చింది. అదే గట్టు మీద అదే డబ్బా పెట్టింది. కొత్త బొమ్మను పాత బొమ్మ మీద పెట్టింది. బండప్ప మీద బండప్ప సరిగ్గా కూర్చున్నాడు.

ఊరు పైకి లేచింది.

నిజంగానే. తెర మీద పాత ఊరు కింద ఉంటే కొత్త ఊరు గాలిలో తేలుతోంది. గుట్ట పక్కనున్న ఆంజినమ్మ ఇల్లు మోకాలెత్తున, ఊరి కొసనున్న తిప్పేష్ ఇల్లు మనిషెత్తున లేచి ఉన్నాయి.

తిప్పేష్ తెరలోకి తొంగిచూసి చప్పట్లు కొట్టాడు. "వదినా, నా ఇల్లు మేడయిపాయ! పునాది లేకుండా మేడ గట్టిన మగోన్ని ఈ మండలంలో నేనొక్కన్నే. రేపట్నుంచి ఆటోకి నిచ్చెన కట్టల్ల."

"నీ నోటికి ముందు తడిక కట్టల్ల," అంది ఆంజినమ్మ. "ఏం పాపా, ఏమాయ?"

ప్రసూన ముఖం వాడిపోయింది. "మిషను చెడిపోయినట్టుండాదత్తా. ఎత్తుకోని పోతా."

ఆంజినమ్మకు తన సొంత మనిషిని ఎవరో దొంగ అన్నట్టు అనిపించింది. "ఎట్లా చెడిపోతాది? తిరిగేది లేదు, అరిగేది లేదు అని నువ్వే అంటివి. చెడిపోనీకి దాంట్లో ఏముండాది? అది జూసింది అది చెప్పింది. దాని నోరు ఊరికే మూయద్దు."

ప్రసూన సంచి సర్దబోయి ఆగింది. మళ్లీ తెర ముందు కూర్చుంది. ఇళ్లను ఒక్కొక్కటిగా చూసింది. ఆమె కనుబొమలు దగ్గరకొచ్చాయి. "చెడిపోయి ఉంటే తిక్కతిక్కగా చూపియ్యల్ల గదా. ఒక ఇల్లు పైకి, ఒక ఇల్లు కిందికి. ఇది అట్లా లేదు. దగ్గరుండేది కొంచెం, దూరం పోయేకొద్దీ ఎక్కువ..."

పక్కన ఎవరో గొర్రెల కాపరి తుమ్మకొమ్మలు వంచే దోటి కర్రతో నిలబడి ఉన్నాడు. ప్రసూన లేచి ఆ పొడుగాటి కర్రను లాక్కుంది. ఒక కొస రెండు చేతులా పట్టుకుని నేలకు సమంగా చాచింది. "నా చెయ్యి చూడండి." మణికట్టును రవ్వంత వంచింది. అవతలి కొస మనిషి తల మీదికి లేచింది.

"చెయ్యి వంగింది రవ్వంత. కొస యాడికి పోయిందో చూసినారా? ఊరు లేవలేదత్తా." ఆమె గొంతు తగ్గింది. "నేను మేకు అనుకున్నది వంగింది."

ప్రసూన గబగబా ఏవో మీటలు నొక్కింది. ఈసారి గుండును వదిలేసి ఇళ్లను మేకులుగా పెట్టింది. గాలిలోని ఊరు చప్పుడు లేకుండా దిగి తన నేల మీద తాను కూర్చుంది. గోడ మీద గోడ, కప్పు మీద కప్పు. కదిలిన చోటల్లా ఎర్రరంగు వేయమంది. వంక పొడుగునా ఎర్రటి గీత పడింది. ఆ గీత పాములా పాకి గుట్ట మీదికి ఎక్కి, బండప్ప పాదం కింద తల పెట్టింది. ఆ పైన బండప్ప, కింద పలచగా, పైకి పోయేకొద్దీ చిక్కగా, ఎర్రగా. తల దగ్గర బెత్తెడు ముందుకు వాలి ఉన్నాడు. ఊరి వైపుకు.

"కాళ్ల కింద మట్టి పోయిందత్తా. వంక కోసుకుంటా పైకి పోయింది."

ఆంజినమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆమె చూస్తున్నది తెరను కాదు. "పుల్లలు," అంది. "పాపా, పుల్లలు విరుగుతాండాయి. వానలప్పటి నుంచి. స్వామి నొప్పులు మోస్తాండాడని మేమంతా..." మాట పూర్తి కాలేదు. సంబరపడి కొబ్బరికాయలు కొట్టిన జనంలో తనూ ఉంది. పక్క ఊళ్లను పిలిచిన వాళ్లలోనూ ఉంది. పరస రోజున ఆ నీడ కింద పసిపిల్లలను పడుకోబెట్టే తల్లులు కళ్ల ముందు మెదిలారు.

ఆ సాయంత్రం బడి అరుగు మీద ఊరు కూడింది. ప్రసూన బొమ్మ చూపించి, నీడలోకి ఎవరూ పోకూడదని చెప్పింది. గుసగుసలు లేచాయి. కొండప్ప పైపంచె విదిలించి నిలబడ్డాడు.

"మా తాతల తాతలప్పటి నుంచి కదలని స్వామి, సద్దిడబ్బా చెప్తే కదులుతాడా? కన్ను లేదు, కాలు లేదు, దానికేం తెలుసు?"

"నీకి రెండు కండ్లుండాయి గదా మామా," అంది ఆంజినమ్మ. "దినామూ పూజ చేస్తివి. బెత్తెడు వాలినాడని నీకి తెల్సెనా? నాకి తెల్సెనా? సున్నం కొట్టిన మా గుంపుకి తెల్సెనా? మనం దండం పెట్టుకుంటా కండ్లు మూస్తిమి. అది ముయ్యలా. అంతే తేడా."

"స్వామినే అంటాండావే అంజినీ!"

"స్వామిని కాదు, నిన్ను అంటాండా. తొలి కుండ నాది. నేను ఆడ పొయ్యి పెట్టను. వంకకి ఇవతల గట్టున, ఆ డబ్బా పక్కన పెడతా. నాది పొంగకుండా ఎవురు ముట్టిస్తారో ముట్టించుకోండి, జూస్తా."

అరుగు మీద కలకలం రేగింది. కొందరు ఆమె అన్నది నిజమేనన్నారు, కొందరు ఊరికి అరిష్టం తెస్తోందన్నారు. కొండప్ప ఎర్రబడిన కళ్లతో, "సరే," అన్నాడు. "నా నడుము ఈ కార్తీకం పొడుగునా సలుపుతాండాది. ఇప్పుడే పోయి గట్టి చండ్రపుల్ల పెట్టి వస్తా. పరసనాటికి స్వామి ఏం చెప్తాడో చూస్తాం. నేను మాత్రం ఆడనే కూసుంటా. పడితే నా మీదనే పడనీ."

ఎంత చెప్పినా వినలేదు. పోయి పుల్ల బిగించి వచ్చాడు.

పరస రోజు తెల్లారింది. తోలు పలకల మోత మొదలైంది. ఆంజినమ్మ అన్నంత పనీ చేసింది. వంకకు ఇవతలి గట్టున ఎండలో మూడు రాళ్లు పెట్టి కుండ ఎక్కించింది. నీళ్లు పోసింది, బియ్యం పక్కన పెట్టుకుంది. నిప్పు మాత్రం ముట్టించలేదు. పూజారి వచ్చి పొయ్యికి కర్పూరం చూపాలి. పూజారేమో అవతల గుట్ట మీద, గుండు కింద, ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఊరు ఊరంతా కుండలు నెత్తిన పెట్టుకుని వంకలో సగం దూరాన నిలబడిపోయింది. అటు పోలేదు, ఇటు రాలేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు.

"వదినా, ఇంకా పడలేదే!" అని అరిచాడు తిప్పేష్ వంకలోంచి.

"పడేది జూడనీకి కాదు రా ఇక్కడికి వచ్చింది. బతికి పొంగలి తిననీకి. నోరు మూసుకోని ఇట్ల రా."

ప్రసూన డబ్బా తెర మీద గుండు కింద చిన్న చుక్కల ముద్ద ఒకటి కనిపిస్తోంది. కొండప్ప. ఆంజినమ్మ దాని మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోయింది. ఎండ తళతళలాడుతోంది. దుమ్ము లేస్తోంది. మనుషుల కళ్లు చెదిరి నీళ్లు కారుతున్నాయి. ఆ డబ్బా మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలకుండా, తల తిప్పకుండా, అలిసిపోకుండా, ముసలాయన ఊపిరి పీల్చడాన్ని కూడా వదలకుండా చూస్తోంది. తనకు తెలిసిన ఏ కావలివాడూ ఇంత శ్రద్ధగా కాపలా కాయలేదు. చేనులో పందులు పడకుండా కాసిన తన నాయన కూడా రెప్పవాల్చేవాడు.

చుక్కల ముద్ద కదిలింది. వంగింది. నేల మీద ఏదో తడిమింది. చాలాసేపు అట్లాగే ఉండిపోయింది.

"ఏం చేస్తాండాడు?"

"తెలీదత్తా. ఏదో చేతిలోకి తీసుకున్నాడు."

తర్వాత ఆ చుక్కలు నిలబడ్డాయి. నడుం దగ్గర మడతపడిన మనిషి ఆకారం. ఒక చెయ్యి నడుము మీద. గుండు నుంచి విడివడి, ఒక్కో అడుగూ వేసుకుంటూ గుట్ట దిగడం మొదలుపెట్టింది. తెల్లటి బండప్ప చుక్కలకూ ఆ చుక్కలకూ మధ్య ఖాళీ పెరుగుతూ పోయింది.

కొండప్ప వంకలోని జనాన్ని దాటుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, ఇవతలి గట్టు ఎక్కాడు. చేతిలో రెండు ముక్కలైన చండ్రపుల్ల. వచ్చి దాన్ని ఆంజినమ్మ పొయ్యి ముందు పడేశాడు.

"విరిగింది," అన్నాడు. రొప్పుతూ నడుము పట్టుకుని ఒక రాయి మీద కూలబడ్డాడు. "పుల్ల విరిగింది గానీ నా నడుము అట్లే ఉండాది. ఇంకా ఎక్కువ సలుపుతాండాది. నేను అబద్ధం చెప్పలేను మే. స్వామి నా నొప్పి మోయలేదు. ఆయన బరువే ఆయనకి మోయనీకి అయితాలేదు."

ఆంజినమ్మ గెలిచానన్న ముఖం పెట్టలేదు. లేచి చెంబుతో నీళ్లిచ్చింది.

ముసలాయన నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, డబ్బా వైపు గుర్రుగా చూశాడు. "ఏం పాపా, ఇది స్వామిని ఇట్లే చూస్తాంటాదా? రాత్రీ పగలూ?"

"చూస్తాది తాతా. ఇంకా వంగితే చెప్తాది. గుండుకి ఇనుపతాళ్లు కట్టేదో, మెల్లిగా దించేదో పెద్దాఫీసుకి రాస్తాం. అంతవరకూ ఇది ఈడనే ఉంటాది."

"వాళ్లు రాకపోతే జీపుల ముందర గొర్రెలుండాయి లే," అంది ఆంజినమ్మ.

కొండప్ప లేచి, అవతలి గుట్ట మీద నిలబడిన తెల్లటి గుండుకు ఇక్కడి నుంచే చేతులు జోడించాడు. చాలాసేపు చూశాడు. ఇన్నేళ్లూ ఆయన స్వామి పాదాల దగ్గరే ఉన్నాడు. తలను ఇట్లా దూరంగా నిలబడి చూసిందే లేదు. "వాలినాడు," అన్నాడు తనలో తాను. "ఔను, వాలినాడు." కర్పూరం వెలిగించి పొయ్యికి చూపాడు. విరిగిన చండ్రపుల్ల రెండు ముక్కలనూ తానే నిప్పులోకి తోశాడు.

కుండ పొంగింది. పలకలు మోగాయి. వంకలో ఆగిపోయిన ఊరు ఒక్క ఉదుటున ఇవతలికి ఎక్కింది. గట్టు పొడుగునా పొయ్యిలు అంటుకున్నాయి. నీడ లేదని తిట్టుకుంటూ దుప్పట్లు కట్టి పందిళ్లేశారు. తిప్పేష్ తన ఆటో కవరు విప్పి తెచ్చి ఇద్దరు బాలింతల మీద కప్పు వేశాడు.

"అది సరే వదినా," అన్నాడు, పొంగలి ఆకు చేతపట్టుకుని, "ఇంక ఊర్లో ఒట్టు దేని మీద పెట్టల్ల? బండప్ప కదిలిపాయ గదా."

ఆంజినమ్మ పొగకు కళ్లు నులుముకుంటూ పక్కకు చూసింది. మూడుకాళ్ల పీట మీద, ఎర్రదుమ్ము కప్పుకుని, నల్లటి ఒంటికన్నుతో గుట్టనే చూస్తోంది సద్దిడబ్బా.

"ముందు దాని అద్దం తుడిచి రా పో," అంది. "పొంగలి చేతులు కడుక్కోని తుడువు."